నాలుగు చప్పుళ్ళ ఉస్తాద్

మొన్న మా ఇంటికి కొత్త అలమర వచ్చింది. కంపెనీ తరఫున వచ్చినాయన గంటన్నర కుస్తీపట్టి దాన్ని బిగించి, తలుపులు రెండుసార్లు తెరిచి మూసి చూపించి, చేతులు దులుపుకున్నాడు. నేల మీద ఒక స్క్రూ మిగిలి ఉంది.

"మరి ఇది?" అన్నాను.

"అది ఎక్స్‌ట్రా సార్. ఒకటి ఎక్కువే ఇస్తారు. ఉంచుకోండి, పనికొస్తది," అని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

దాన్ని చూసి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మా ఉస్తాద్ ఆ సమయానికి అక్కడ ఉండి ఉంటే ఆ మనిషిని గుమ్మం దాటనిచ్చేవారు కాదు. అలమర మొత్తం ఊడదీయించి, ఆ స్క్రూ ఎక్కడిదో తేలాకే మంచినీళ్ళు ఇచ్చేవారు.

ఉస్తాద్ సికింద్రాబాద్‌లో తుపాకులు బాగుచేసేవారు. సర్కారు లైసెన్సు ఉన్న పని, తండ్రి నుంచి వచ్చిన పని. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నప్పుడు పోయారు. తెలిసేసరికి నలభై రోజుల ఫాతిహా కూడా అయిపోయింది. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాయనని మాటిచ్చాను. పాత వృత్తుల మీద ఆదివారం సంచికకు వ్యాసం రాద్దామని మొదటిసారి వెళ్ళినప్పుడే ఆ ఒప్పందం జరిగింది.

"పేరు రాస్తే పదిమందికి తెలుస్తుంది కదా ఉస్తాద్," అన్నాను.

"పదిమందికి తెల్వద్దనే కద సాబ్, షట్టర్ సగమే లేపుడు. పేరొద్దు, గల్లీ వద్దు. చాయ్ తాగి కూసో, ఎంతసేపన్న చూడు."

అలా కూర్చోవడం మొదలుపెట్టినవాణ్ణి నాలుగేళ్ళపాటు కూర్చున్నాను. మల్కాజ్‌గిరిలో లోకల్ రైలెక్కి, సెలవు రోజు పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి, ఆ సగం షట్టర్ కింద వంగి దూరేవాణ్ణి.

ఊళ్ళో ప్రతి మేడ మీదా కంప్యూటర్ కోర్సుల బోర్డు వేలాడుతున్న రోజులవి. ఉస్తాద్ దుకాణం మేడ మెట్ల పక్కన. మెట్లెక్కితే ఒక కోచింగ్ సెంటరు. ఫైళ్ళు పట్టుకున్న పిల్లలు దారి తెలియక సగం షట్టర్ కిందనుంచి తొంగిచూసేవారు. లోపల గోడకు ఆనించిన జోడుగొట్టాల తుపాకులు కనిపించేవి.

"అంకుల్... జావా ఇక్కడేనా?"

"జావా పైన బేటా. కింద బారూదు. పైకే పో, నౌకరీ దొరుకుతది," అనేవారు తల ఎత్తకుండా.

దారి చూపించవలసి వస్తే అరచెయ్యి మొత్తం చాపి చూపించేవారు. ఒక్క వేలు ఎవరివైపూ ఎత్తగా నేను చూడలేదు. గొడుగు కూడా మొన నేలవైపే పెట్టి పట్టుకునేవారు. ఒకసారి మాటల్లో పడి నేను పెన్ను ఆయనవైపు ఊపుతుంటే, మెల్లగా నా మణికట్టు పట్టుకుని పెన్నును గోడవైపు తిప్పి, మళ్ళీ మాట అందుకున్నారు.

అన్నిటికన్నా తమాషా, ఆయనకు పటాకులంటే భయం. దీపావళి వస్తోందంటే రెండు రోజుల ముందే చెవుల్లో దూది పెట్టుకునేవారు. ఎదురుగా బట్టల కొట్టు సేటు ఏడిపించేవాడు. "ఏంది భాయ్, తుపాకులోనివి, లక్ష్మీబాంబుకు వణుకుతవా?"

"నా చెవులు పోతె నీ కొట్ల కూసోని బట్ట కొలువాల్నా?" అనేవారు ఉస్తాద్.

అది నిజమే. ఆయన పనంతా చెవులతోనే మొదలయ్యేది. అయితే దానికన్నా ముందు ఒక తంతు ఉండేది. తుపాకీ ఏదైనా బల్లమీదికి రాగానే అది ఖాళీ అని ముగ్గురు చూడాలి. తెచ్చినవాళ్ళు ఒకరు, తాను ఒకరు, సంబంధం లేనివాళ్ళు మూడోవారు. ఆ మూడోవారు చాలాసార్లు నేనే. నేను లేనప్పుడు ఎవరు దొరికితే వాళ్ళు. ఒకరోజు కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినాయన్ను పట్టుకున్నారు.

"సాబ్, జెర ఇటు రా. ఈ ఆరు పొక్కలల్ల ఏమన్న ఉన్నదా చెప్పు."

"నేను బిల్లు ఇవ్వనీకి వచ్చిన భాయ్!"

"బిల్లు యాడికి పోదు. ముందు చూడు."

ఆయన పాపం దణ్ణం పెట్టుకున్నట్టు వంగి ఆరు రంధ్రాలూ చూసి, "ఖాలీ," అని బయటికి పరుగు తీశాడు.

ఒక హవల్దారు వచ్చిన శనివారం మూడోమనిషిని నేనే.

ఎన్నికలు అయిపోయి కొన్ని వారాలైంది. షట్టర్ కింద వంగవలసిన ఎత్తు మనిషి ఒకడు, వంగకుండా దాన్ని చేత్తో పైకి నెట్టి లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, అద్దంలా మెరిసే బూట్లు, చేతిలో టిఫిను క్యారియరు పెట్టుకునే సంచి.

"జై హింద్. రివాల్వర్లు బాగుసేసేది తమరేనా?"

"కూసోండ్రి సాబ్. ముందు కాయిదం."

లైసెన్సు పుస్తకం బల్ల మీదకొచ్చింది. తర్వాత సంచిలోంచి తువ్వాలు, తువ్వాల్లోంచి ఒక పాత సింగిల్ యాక్షన్ రివాల్వరు. ప్రతి గుండుకూ బొటనవేలితో వెనక సుత్తిని లాగితేగాని పేలని రకం. ఉస్తాద్ ఆ సుత్తిని ఘోడా అనేవారు. అది మామగారి ఆస్తి అట. ఆయన పోయాక అల్లుడి పేరుకు మారింది. అల్లుడిది విజయనగరం వైపు ఊరు. సైన్యంలో హవల్దారుగా రిటైరై యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్నాడు.

"ఎనిమిది నెలలై ఇంట్లో కూకున్నాను సాయిబు గారూ. పొద్దున్న అయిదింటికి మెలకువొచ్చేత్తాది. లేచి ఏటి సెయ్యాలి? వంటింట్లో డబ్బాలన్నీ సైజువారీ వరసలో ఫాలిన్ సేయించేసినాను. మా ఆవిడికి ఉప్పు దొరకట్లేదు. 'మీకు ఉజ్జోగం రావాలని మీకన్నా నానే ఎక్కువ మొక్కుతున్నాను' అంది నిన్న."

ఉద్యోగం దగ్గరలోనే ఉంది. మాదాపూర్‌లో ఒక కంప్యూటర్ కంపెనీ యజమానికి గన్‌మేన్ కావాలి. సొంత ఆయుధం ఉన్న మాజీ సైనికుడైతే మేలు. సెక్యూరిటీ ఆఫీసరు ఒక రిటైర్డ్ మేజరు. మొదటి ఇంటర్వ్యూలో ఆయుధం చూపించమంటే, లాగిన సుత్తికి చక్రం సగంలో ఆగిపోయింది. సోమవారంలోగా బాగుచేయించి, లైసెన్సు ఉన్న మేస్త్రీ దగ్గర కాగితం తెమ్మన్నాడు. తెస్తే సరి. లేకపోతే వరసలో ఇంకా ఆరుగురున్నారు.

"అసలు తప్పు నాది కాదండి. ఎలచ్చన్లకి స్టేషన్లో డిపాజిట్ సేసినాను. నాను ఇచ్చినప్పుడు బేషుగ్గా ఉంది. తిరిగి తెచ్చుకున్నాక ఇలగైపోయింది. మేజరు గారికీ అదే సెప్పినాను." అంతలో నేను పత్రికవాణ్ణని తెలిసి నావైపు తిరిగాడు. "మీరు రాయాలి బాబూ! ఇలాటియ్యి పేపర్లో పడాలి!"

అలవాటు కొద్దీ నా చెయ్యి జేబులోకి పోయింది.

"కలం లోపల పెట్టు సాబ్," అన్నారు ఉస్తాద్. "ఇంక చూడనే లేదు."

తంతు జరిగింది. చక్రం ఒక్కో గడి తిప్పుతూ హవల్దారు చూశాడు, ఉస్తాద్ చూశారు, నేను చూశాను. ఖాళీ.

"గుంజుండ్రి సాబ్. నిమ్మలంగ."

హవల్దారు గొట్టాన్ని గోడవైపు తిప్పి ఘోడా లాగాడు. ఉస్తాద్ కళ్ళు మూసుకున్నారు. పైన కోచింగ్ సెంటర్లో పాఠం, బయట ఆటోలు. వాటిలోంచి ఆయన తనకు కావలసింది ఏరుకున్నారు. ఆ రకం రివాల్వరు ఆరోగ్యంగా ఉంటే ఘోడా పూర్తిగా వెనక్కి వచ్చేలోగా నాలుగు చప్పుళ్ళు వినిపిస్తాయి. నాలుగూ నాలుగు పనులు. మూడోది, చక్రాన్ని కదలకుండా పట్టే గొళ్ళెం లేచినప్పటిది.

"మళ్ళ."

మళ్ళీ లాగాడు.

"ఏక్... దో..." అని ఉస్తాద్ ఆగారు. "మూడోది గొంతుల ఏదో అడ్డం పడ్డట్టున్నది. ఎవరిప్పిన్రు దీన్ని?"

"ఎవరూ ఇప్పలేదండి. ఇప్పితే స్టేషన్లోవాళ్ళే ఇప్పాల."

ఉస్తాద్ కంటికి భూతద్దం తగిలించుకుని స్క్రూ తలలన్నీ వరసగా చూశారు. చూసి నవ్వారు.

"ఇప్పినోనిది మంచి చెయ్యి. ఒక్క గాడి చెదరలే. ఒక్క గీత పడలే. గింత సాఫ్‌గ నేను సుత ఇప్ప."

హవల్దారు మీసం ఒక్కసారి గర్వంగా పైకి లేచి, వెంటనే కిందికి దిగింది. నేను చూశాను. ఉస్తాద్ కూడా చూశారు.

అప్పుడు పాన్‌దాన్ బయటికి వచ్చింది. తల్లిగారి ఇత్తడి పాన్‌దాన్ అది. లోపల తమలపాకుల కోసం, సున్నం కోసం, వక్కల కోసం చిన్న చిన్న గిన్నెలు. ఉస్తాద్ జన్మలో పాన్ వేసుకోలేదు. ఊడదీసిన ప్రతి స్క్రూ ఏ వరసలో వచ్చిందో ఆ వరసలో ఒక్కో గిన్నెలో పడేది. ఆశగా చెయ్యి చాపిన చుట్టాలకు వక్కలకు బదులు స్ప్రింగులు దొరికేవి.

స్క్రూ తిప్పుతూ ఎన్ని చుట్లో పెదవుల్లోనే లెక్కపెట్టేవారు. ఆ రోజు ట్రిగ్గరు కింద ఉండే గార్డు ముందు స్క్రూ తీస్తుంటే ఆయన పెదవులు ఆగవలసిన దగ్గర ఆగలేదు. ఇంకో రెండు చుట్లు కదిలాయి. బయటికి వచ్చిన స్క్రూను వెలుగులో పెట్టి చూశారు. గిన్నెలో వేశారు. మొహంలో ఏ మార్పూ లేదు. అన్నీ తుడిచి, తగుమాత్రం నూనె రాసి, పాన్‌దాన్‌ను హవల్దారు ముందుకు జరిపారు.

"మీరే బిగియుండ్రి సాబ్. నాకు కండ్లు జెర మసకగున్నయ్."

అంతకు గంట ముందే ఆయన పైనుంచి ఎగిరిపడ్డ కోచింగ్ కరపత్రంలో అడుగున ఉన్న చీమతలకాయంత అక్షరాలు నాకు చదివి వినిపించారు.

హవల్దారు బిగించిన తీరు చూడవలసిందే. చూపు ఎదురుగోడ మీద, వేళ్ళు పని మీద. ఏ గిన్నెలోది ఆ చోటికే వెళ్ళింది. ఘోడా లాగాడు. మూడో చప్పుడు మళ్ళీ మూలిగింది.

"మళ్ళ ఇప్పుండ్రి."

ఇప్పాడు, బిగించాడు. అదే మూలుగు.

మూడోసారి చూపు గోడ మీదనుంచి దిగింది. గార్డు ముందు స్క్రూ, వెనక స్క్రూ రెండూ ఊడదీసి అరచేతిలో పక్కపక్కన పెట్టుకున్నాడు. బియ్యపుగింజంత తేడా. ముందుండవలసిన పొట్టిది వెనకకు, వెనకుండవలసిన పొడుగుది ముందుకు వెళ్ళాయి. పొడుగుదాని మొన లోపలికి పొడుచుకొచ్చి గొళ్ళేనికి రాసుకుంటోంది. హవల్దారు చెవులు ఎర్రబడ్డాయి.

"ఆదివారం," అన్నాడు.

ఏ ఆదివారమో ఆయనే చెప్పాడు. సోమవారం స్టేషన్లో ఇవ్వవలసి ఉంటే ముందురోజు మంచం మీద పేపరు పరిచి మొత్తం ఊడదీశాడట. సర్కారుకు అప్పగించే ఆయుధం మెరవాలి కదా. స్క్రూలన్నీ పేపరు మీద పెరేడ్‌లా నిలబెట్టాడు. ఇంతలో గ్యాసుబండ వచ్చిందని కేక. ఆయన అటు వెళ్ళగానే ఆవిడ దుప్పటి మార్చడానికి పేపరును జాగ్రత్తగా ఎత్తి టేబులు మీద పెట్టింది. పెరేడ్ కాస్తా కలిసిపోయింది.

"మరి ఎవరూ ఇప్పలేదంటిరి?" అన్నారు ఉస్తాద్.

"అది ఇప్పడం కాదండి," అన్నాడు హవల్దారు, నిజాయతీగా నొచ్చుకుంటూ. "అది మెయింటెనెన్సు!"

ఉస్తాద్ భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. చివరికి ముగ్గురం కళ్ళు తుడుచుకున్నాం. స్క్రూలు ఏ చోటివి ఆ చోటికి చేరాయి. ఘోడా లాగితే చప్పుళ్ళు నాలుగూ గచ్చు మీద గోళీలు పడ్డట్టు విడివిడిగా పలికాయి.

నవ్వు ఆగింది మాత్రం రిజిస్టరు తెరిచాక. బాగుచేసిన ప్రతి ఆయుధానికీ లోపం ఏమిటి, కారణం ఏమిటి, ఏం చేశారు అని రాసి ఉంచాలి. కాగితం ఎవరికిచ్చినా ఉస్తాద్ ఆ రాతనే అక్షరం తేడా లేకుండా ఎత్తి రాసేవారు.

హవల్దారు గొంతు దిగింది. "సాయిబు గారూ... కారణం కాడ స్టేషన్లో పాడైందని రాయండి. మేజరు గారికి అలగే సెప్పేసినాను. ఇప్పుడు నానే పాడుసేసినానని కాగితం తీసుకెళ్తే, తప్పు వేరేవోడి మీదకి తోసేవోడిని గన్‌మేన్‌గా ఎవరెట్టుకుంటారు?"

"నేను చూడనిది రాయ సాబ్."

"నా ఉజ్జోగం పోతాది బాబూ."

ఉస్తాద్ కళ్ళజోడు తీసి దాని కాడ కొరుకుతూ చాలాసేపు కూర్చున్నారు. మేమిద్దరం ఆయన చేతివంక చూస్తున్నాం. ఆ తర్వాత ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసి, చదివి వినిపించారు. "కారణం: గార్డు స్క్రూలు రెండు తారుమారైనవి. ఈ లోపమును ఓనరు స్వయముగా కనిపెట్టి, నా ఎదుట తన చేతితో సరిచేసినారు. ఆయుధము మంచి స్థితిలో ఉన్నది."

ప్రతి మాటా నిజమే. ఎవరు తారుమారు చేశారో అందులో లేదు. పత్రికలో ఇన్నేళ్ళు వాక్యాలు దిద్దినవాణ్ణి, మనసులోనే ఆయనకు సలాం చేశాను. హవల్దారు నిజంగానే సెల్యూట్ చేశాడు. షట్టర్ కింద ఈసారి వంగి వెళ్ళాడు.

ఆ తర్వాత శనివారం ఒక జీడిపప్పు మిఠాయి డబ్బాతో వచ్చాడు. డబ్బా బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"మేజరు గారు కాగితం రెండుసార్లు సదివేరు. సదివి, 'అయితే స్టేషన్లోనే స్క్రూలు మార్చేశారన్నమాట' అన్నారండి. నాను తలూపితే సరిపోయేది. నా మెడ కదల్లేదు బాబూ! ఏటి సేత్తాను? 'సార్, పాడుసేసిందీ నానే, బాగుసేసిందీ నానే. స్టేషనోళ్ళ తప్పేటీ లేదు' అని సెప్పేసినాను."

ఉస్తాద్ చేతిలో పట్టకారు ఆగిపోయింది. "మొత్తం చెప్పినవా?"

"మొత్తం. గ్యాసుబండ దగ్గర్నుంచి."

"అరె యార్! గంతసేపు ఆలోచన జేసి, గంత మంచిగ రాసిస్తే, నువ్వు పోయి అంత ఒలకబోసి వస్తివా? మరి నౌకరీ?"

"గన్‌మేన్ ఉజ్జోగం వేరేవోడికి ఇచ్చేసేరు," అన్నాడు హవల్దారు. అని మా ఇద్దరి మొహాలూ తీరిగ్గా చూసి, మీసం దువ్వాడు. "నన్ను కోత్‌లో ఎట్టుకున్నారు. గార్డుల తుపాకులన్నీ భద్రం సేసే గది. తాళం నా కాడే. రోజూ ఇదే పని. తప్పు ఎక్కడుందో ఎతికేవోడు, ఎతికేక దాసనోడు ఒకడు కావాలన్నారంట మేజరు గారు."

ఉస్తాద్ సంతోషంతో ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఆయన లేచి వెళ్ళి రిజిస్టరు తెచ్చారు. ఆ పేజీ తీసి, తాను రాసిన వాక్యాన్ని వేలు ఆనించకుండా అరచేత్తో నిమిరారు.

"నేను అబద్ధం రాయ అని గొప్పలు పోయిన. రాసింది సగమే," అన్నారు. "మిగతా సగం ఈయన చెప్పొచ్చిండు."

పెన్ను తీశారు. మా పత్రికలో సవరణ వెయ్యవలసి వస్తే ఏ లోపలి పేజీ అడుగునో, కనిపించీ కనిపించని అక్షరాల్లో వేసేవాళ్ళం. ఉస్తాద్ అదే పేజీలో, అదే సిరాతో, పైనున్నంత పెద్ద అక్షరాలతోనే కింద ఇంకో వరస మొదలుపెట్టారు. స్క్రూలు తారుమారు చేసినవారు కూడా ఓనరే, అని రాసి, పేరు దగ్గర ఆగారు.

"నీ పేరు సుత రాయాలె సాబ్. ఏమనుకోకు."

"రాయండి, రాయండి," అన్నాడు హవల్దారు, బల్ల మీదకు వంగి. "ఇంటిపేరుతో రాయండి. ముందు హవల్దార్ అని ఎయ్యండి." పెన్ను కదిలేదాకా చూసి, గబుక్కున ఆయన మణికట్టు పట్టుకుని ఆపాడు. "రిటైర్డ్ అని మాత్రం రాయకండి బాబూ."